దగ్గుల సీజన్ లెక్కలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

జలుబు, జ్వరాల కాలం మొదలవగానే "ఫ్లూ పాజిటివిటీ పెరిగింది", "ఆర్‌ఎస్‌వీ తగ్గుముఖం పట్టింది" అంటూ వారానికో నివేదిక వస్తుంటుంది. (ఆర్‌ఎస్‌వీ అంటే ముఖ్యంగా పసిపిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీసే ఒక వైరస్.) ఆ అంకెలు ఎక్కడ పుడతాయి, ఎంతవరకు నమ్మవచ్చు అని చాలామంది రాశారు. ల్యాబుల్లో పనిచేసేవాళ్లు కూడా తమ ఇబ్బందులు రాసి పంపారు. కొన్ని ఉత్తరాలను కుదించి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: "ఈ ప్రాంతంలో ఫ్లూ పాజిటివిటీ 18 శాతం" అని చదివాను. అంటే మా చుట్టూ ఉన్న ప్రతి వందమందిలో 18 మందికి ఫ్లూ ఉన్నట్టేనా? బయటికి వెళ్లాలంటేనే భయంగా ఉంది. (ఒక గృహిణి)

జవాబు: లేదండీ. ఆ వందమంది మీ చుట్టుపక్కల జనం కారు. జ్వరం, దగ్గుతో డాక్టరు దగ్గరికి వెళ్లి, ముక్కులోంచి శాంపిల్ ఇచ్చినవాళ్లు. వాళ్లలో 18 మందికి ఫ్లూ ఉందని తేలింది, అంతే. ఇంట్లో కూర్చుని కషాయం తాగి తగ్గించుకున్నవాళ్లు, అసలు జబ్బే రానివాళ్లు ఈ లెక్కలోకి రారు.

ఈ శాతం ఎలా మోసం చేస్తుందో చూడండి. మొదటి వారం 200 టెస్టులు చేస్తే 20 పాజిటివ్ వచ్చాయి, 10 శాతం. రెండో వారం 400 టెస్టులు, 40 పాజిటివ్, అదీ 10 శాతమే. శాతం కదల్లేదు గానీ ఫ్లూతో వచ్చినవాళ్లు రెట్టింపయ్యారు. మూడో వారం వరుసగా సెలవులు. మామూలు దగ్గులవాళ్లు ఆగిపోయి, బాగా జబ్బుపడ్డవాళ్లే వచ్చారు. 100 టెస్టులు, 20 పాజిటివ్. శాతం 20కి ఎగబాకింది, కేసులు సగానికి పడ్డాయి. పత్రికలో మాత్రం "ఒక్క వారంలో రెట్టింపైన ఫ్లూ" అని వస్తుంది.

అందుకే నివేదికలో శాతం పక్కన టెస్టులెన్ని, పాజిటివ్‌లెన్ని అన్నవి కూడా చూడాలి. అవి ఇవ్వని నివేదికను పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. వీలైతే ఇంకో అంకె కూడా కలపాలి: ఓపీకి వచ్చే మొత్తం రోగుల్లో జ్వరం, దగ్గుతో వచ్చేవాళ్లెందరు? వెయ్యిమందిలో 40 మంది అలా వచ్చి, వాళ్ల శాంపిళ్లలో 25 శాతం పాజిటివ్ అయితే వెయ్యికి 10 మంది ఫ్లూ రోగులన్నమాట. తర్వాతి వారం 60 మంది వచ్చి 30 శాతం పాజిటివ్ అయితే వెయ్యికి 18. ఇలా రెండిటినీ గుణించి చూసుకుంటే టెస్టుల హెచ్చుతగ్గుల వల్ల వచ్చే గందరగోళం చాలావరకు పోతుంది. పాజిటివిటీ ఒక్కదాన్నే చూడటం కంటే ఇదే మేలు.

ప్రశ్న: సీజన్ మొదలైందని ఎప్పుడు ప్రకటిస్తారు? ఒకచోట 3 శాతం అని, ఇంకోచోట 10 శాతం అని చదివాను. ఏది సరైనది? (ప్రజారోగ్య విద్యార్థి)

జవాబు: రెండూ సరైనవే. వైరస్ మారినా, టెస్టు మారినా గీత మారుతుంది. ఆర్‌ఎస్‌వీకి పీసీఆర్ (వైరస్ జన్యు పదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచి పట్టుకునే టెస్టు) ఫలితాలు తీసుకుంటే వరుసగా రెండు వారాలు 3 శాతం లేదా అంతకు మించి ఉన్నప్పుడు, ఆ రెండింటిలో మొదటి వారాన్ని సీజన్ మొదలుగా లెక్కించే పద్ధతి అమెరికాలో ఉంది. అంతకుముందు యాంటిజెన్ టెస్టులే (వైరస్ ప్రొటీన్లను వెతికే త్వరిత టెస్టులు) ఎక్కువగా వాడిన రోజుల్లో అక్కడే 10 శాతాన్ని గీతగా పెట్టుకున్నారు. యూరప్‌లో సెంటినెల్ క్లినిక్‌ల ఫ్లూ శాంపిళ్లలో పాజిటివిటీ 10 శాతం దాటితే సీజన్ మొదలైనట్టు చూస్తారు. ఎంచుకున్న కొద్ది క్లినిక్‌ల నుంచి ఏడాది పొడవునా ఒకే పద్ధతిలో శాంపిళ్లు తీసుకుంటారు కదా, వాటిని సెంటినెల్ కేంద్రాలంటారు.

రెండు వారాలు ఎందుకు చూడాలంటే, ఒక్క వారం పెరిగితే అది కాకతాళీయం కావచ్చు. ఒక పిల్లల వార్డులోనో, ఒక వృద్ధాశ్రమంలోనో వచ్చిన గుంపు కేసులు చాలు, ఒక వారం గీతను దాటించడానికి.

మీ ప్రాంతానికి సొంత గీత గీసుకోవాలంటే గడిచిన 5 నుంచి 10 సీజన్ల వారపు అంకెలు కావాలి. సీజన్ మొదలవకముందు వారాల్లో మామూలుగా ఎంత ఉంటుందో దాని మీద పై హద్దు లెక్కగడతారు. అంత చరిత్ర లేనప్పుడు పైన చెప్పిన స్థిరమైన గీతలతో మొదలుపెట్టి, తర్వాత సవరించుకోవచ్చు. ఒకటి మాత్రం చేయకండి: పీసీఆర్, యాంటిజెన్ ఫలితాలను ఒకే గ్రాఫులో కలపకండి. యాంటిజెన్ టెస్టు బలహీనమైన పాజిటివ్‌లను వదిలేస్తుంది. ఒక ల్యాబ్ మధ్యలో పీసీఆర్‌కి మారితే వైరస్ ఏమీ పెరగకుండానే శాతం పైకి లేస్తుంది. అలా మారిన వారం దగ్గర గ్రాఫులో నిలువు గీత గీసి కింద కారణం రాయండి. ఆరునెలల తర్వాత చూసేవాళ్లకి ఆ గీతే దిక్కు.

ప్రశ్న: మాది చిన్న ల్యాబ్. వారానికి 8 నుంచి 10 శాంపిళ్లు వస్తాయి. వాటి పాజిటివిటీని ప్రాంతీయ నివేదికకు పంపవచ్చా? పంపితే తప్పుదారి పట్టిస్తుందేమోనని సందేహం. (ల్యాబ్ టెక్నీషియన్)

జవాబు: తప్పకుండా పంపండి. శాతంగా కాదు, టెస్టులెన్ని, పాజిటివ్‌లెన్ని అన్న రెండు అంకెలుగా పంపండి. మీ సందేహంలో న్యాయం ఉంది. పదిలో మూడు పాజిటివ్ వస్తే 30 శాతం అంటాం. కానీ 95 శాతం విశ్వాస అవధి తీస్తే అసలు విలువ సుమారు 11 నుంచి 60 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. వందలో ముప్పై వస్తే అదే 30 శాతానికి అవధి సుమారు 22 నుంచి 40. మొదటిది చూసి సీజన్ గురించి ఏమీ చెప్పలేం. రెండోది చూసి కొంత ధైర్యంగా మాట్లాడవచ్చు. ల్యాబ్ స్థాయిలో గ్రాఫు వేసుకోవాలనుకుంటే మూడు వారాల టెస్టులు కలిపి, మూడు వారాల పాజిటివ్‌లు కలిపి శాతం తీయండి.

అసలు తప్పు ప్రాంతీయ స్థాయిలో, అన్నీ కలిపేటప్పుడు జరుగుతుంది. మీ ల్యాబులో 10 టెస్టులకు 5 పాజిటివ్, 50 శాతం. పక్క పెద్ద ల్యాబులో 190 టెస్టులకు 19 పాజిటివ్, 10 శాతం. రెండు శాతాల సగటు తీసి "ప్రాంతంలో 30 శాతం" అని రాసేవాళ్లు ఉన్నారు. సరైన లెక్క 24ను 200తో భాగించడం. 12 శాతం. ఎక్సెల్‌లో శాతాల వరుస కింద సగటు ఫార్ములా లాగేయడం తేలిక కాబట్టి ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా సాగిపోతుంటుంది. నివేదిక ఫారంలో శాతం గడినే తీసేస్తే సమస్య ఉండదు.

ఒక వారం శాంపిళ్లే రాకపోతే "0 టెస్టులు" అని పంపండి. ఖాళీ వదలొద్దు. ఖాళీ చూస్తే మీరు పంపడం మరిచారో, శాంపిళ్లే రాలేదో అవతలివాళ్లకు తెలియదు.

ప్రశ్న: మా క్లినిక్‌ని సెంటినెల్ కేంద్రంగా ఎంపిక చేశారు. ఎవరి శాంపిల్ తీయాలి, ఎవరిది తీయకూడదు? డాక్టరుగారు "బాగా నీరసంగా ఉన్నవాళ్లది తీయండి" అంటున్నారు. (స్టాఫ్ నర్సు)

జవాబు: చికిత్స విషయంలో డాక్టరుగారి మాట సరైనదే గానీ సెంటినెల్ లెక్కకు పనికిరాదు. వారం వారం ఒకే కొలత ఉండాలంటే ఒకే నిర్వచనం ఉండాలి. ఫ్లూ లాంటి జబ్బుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇదీ: 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకుమించి జ్వరం, దగ్గు, లక్షణాలు మొదలై 10 రోజులు దాటకపోవడం. ఇవే లక్షణాలతో ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే అది తీవ్ర శ్వాసకోశ ఇన్ఫెక్షన్ కేసు. ఇలా ఆస్పత్రిలో చేరిన కేసుకు మాత్రం జ్వరం కొలిచినా, రోగి ఇంటి దగ్గర వచ్చిందని చెప్పినా సరిపోతుంది.

ఆర్‌ఎస్‌వీ కోసం చూస్తుంటే ఈ నిర్వచనం దెబ్బతీస్తుంది. నెలల పిల్లల్లో ఆర్‌ఎస్‌వీకి చాలాసార్లు జ్వరమే రాదు. జ్వరం షరతు పెడితే సరిగ్గా ఎవరిని పట్టుకోవాలో వాళ్లే జారిపోతారు. అందుకే ఆస్పత్రిలో చేరిన పిల్లలకు దగ్గు లేదా ఆయాసం ఉంటే చాలు, జ్వరం అక్కర్లేదు. ఆరు నెలల్లోపు పసికందుల్లో ఊపిరి ఆగి ఆగి తీసుకోవడం, సెప్సిస్ (ఒళ్లంతా దెబ్బతీసే తీవ్ర ఇన్ఫెక్షన్) లక్షణాలు కూడా లెక్కలోకి తీసుకుంటారు.

ఎంపిక ఎవరి ఇష్టానికీ వదలకూడదు. రోజూ నిర్వచనానికి సరిపోయిన మొదటి ఇద్దరు, లేదా ప్రతి ఐదో రోగి, ఇలా ఒక నియమం పెట్టుకుని గోడకు అంటించండి. సోమవారం ఒక్కరోజే వారం కోటా అంతా తీసేస్తే వారాంతంలో జబ్బుపడ్డవాళ్లే ఎక్కువగా వస్తారు. పిల్లలు, పెద్దలు, వృద్ధులు అందరూ ఉండాలి. పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారని వదిలేస్తూపోతే ఆర్‌ఎస్‌వీ సీజన్ మీ రిజిస్టరులోకి రాకుండానే వెళ్లిపోతుంది.

ప్రశ్న: మేం పంపిన శాంపిళ్లలో చాలా "ఇన్‌వాలిడ్" అని తిరిగొస్తున్నాయి. ఎక్కడ పొరపాటు జరుగుతోంది? (మరో నర్సు)

జవాబు: మూడుచోట్ల వెతకండి: ముక్కులో, గొట్టంలో, పెట్టెలో.

ముక్కు సంగతి. నాసికా గ్రసని (ముక్కు వెనక, గొంతు పైభాగం) స్వాబ్‌ను ముక్కు కొసలో తిప్పి తీసేస్తే చీమిడి అంటుకుంటుంది గానీ కణాలు రావు. పీసీఆర్‌లో మనిషి కణాల జన్యువు ఒకటి, సాధారణంగా ఆర్‌నేజ్-పీ, శాంపిల్ సరిగా తీశారో లేదో చెబుతుంది. అది రాకపోతే, వైరస్ కూడా రాకపోతే ఆ శాంపిల్ నెగటివ్ కాదు, ఇన్‌వాలిడ్. రోగి తల కాస్త వెనక్కి వాల్చి, స్వాబ్‌ను పైకి కాకుండా అంగిటికి సమాంతరంగా, నేరుగా వెనక్కి పోనివ్వాలి. పెద్దవాళ్లలో ముక్కు రంధ్రం నుంచి చెవి రంధ్రం దాకా ఉండే దూరం లోపలికి వెళ్తుంది. తగిలినట్టు అనిపించగానే ఆపి, కొన్ని సెకన్లు అక్కడే ఉంచి, మెల్లగా తిప్పుతూ తీయాలి. కళ్లలో నీళ్లు తిరగడం మామూలే. మధ్యలో అడ్డు తగిలితే బలం పెట్టొద్దు, రెండో రంధ్రం చూడండి.

గొట్టం సంగతి. స్వాబ్ కొస పాలియెస్టర్ లేదా నైలాన్ పోగులది, కాడ ప్లాస్టిక్‌ది ఉండాలి. చెక్క పుల్ల, కాల్షియం ఆల్జినేట్ కొస పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. స్టాకు అయిపోయిందని గాయాలకు వాడే స్వాబ్‌లు ఇచ్చేచోట ఇన్‌వాలిడ్లు గుట్టలుగా వస్తాయి. వైరల్ ట్రాన్స్‌పోర్ట్ మీడియం (శాంపిల్‌ను ల్యాబుకు చేరేదాకా కాపాడే ద్రవం) 2 నుంచి 3 మి.లీ. చాలు. కొందరు ఎక్కువ పోస్తే మంచిదనుకుంటారు. మూడు రెట్లు ద్రవం పోస్తే వైరస్ మూడు రెట్లు పలుచనై సీటీ విలువ (పీసీఆర్‌లో వైరస్ కనపడటానికి పట్టిన చక్రాల సంఖ్య, వైరస్ తక్కువైతే ఇది పెరుగుతుంది) సుమారు 1.6 చక్రాలు పెరుగుతుంది. హద్దు మీద ఉన్న పాజిటివ్ అక్కడే నెగటివ్ అయిపోతుంది. కాడను గాటు దగ్గర విరిచి మూత బిగించండి. కాడ పొడుగ్గా ఉండి మూత సరిగా పడకపోతే దారిలో కారిపోతుంది, ఖాళీ గొట్టం ల్యాబుకు చేరుతుంది.

పెట్టె సంగతి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య 72 గంటల్లోపు ల్యాబుకు చేరాలి. అంతకంటే ఆలస్యమైతే మైనస్ 70 లేదా అంతకు తక్కువలో గడ్డకట్టించి, డ్రై ఐస్‌లో పంపాలి. మామూలు డీప్ ఫ్రీజర్ మైనస్ 20లో ఉంటుంది, అక్కడ పెట్టొద్దు. ముఖ్యంగా ఆర్‌ఎస్‌వీ ఒకసారి గడ్డకట్టి కరిగితే వైరస్‌ను కల్చర్ చేసే (ల్యాబులో పెంచే) అవకాశం బాగా తగ్గిపోతుంది. ప్యాకింగ్ మూడు పొరలు: కారని గొట్టం, దాన్ని చుట్టిన పీల్చే దూది లేదా కాగితంతో సహా కారని రెండో సంచి, గట్టి బయటి పెట్టె మీద యూఎన్ 3373 గుర్తు (లోపల రోగి శాంపిళ్లున్నాయని చెప్పే అంతర్జాతీయ సంకేతం). ఐస్ ప్యాక్‌లు రెండో సంచి బయట పెట్టాలి, గొట్టానికి ఆనించకూడదు.

ఫారం మీద లక్షణాలు మొదలైన తేదీ రాయండి. చాలామంది శాంపిల్ తీసిన తేదీతో సరిపెడతారు. ఫ్లూ వైరస్ మొదటి మూడు నాలుగు రోజుల్లోనే బాగా దొరుకుతుంది. ఎనిమిదో రోజు నెగటివ్ వస్తే అది ఫ్లూ కాదని చెప్పలేం. ఆ తేదీ లేకపోతే ఈ తేడా ఎవరికీ తెలియదు.

ప్రశ్న: ఒక ప్లేటులో (ఎన్నో శాంపిళ్లను ఒకేసారి పరీక్షించే గడుల పలకలో) దాదాపు అన్నీ ఫ్లూ-ఎ పాజిటివ్ వచ్చాయి, సీటీ 35 చుట్టూ. ఉప్పెనలా వచ్చిందనుకోవాలా? (జూనియర్ టెక్నీషియన్)

జవాబు: ముందు నెగటివ్ కంట్రోల్ (వైరస్ లేదని తెలిసే వేసిన గడి) చూడండి. అదీ పాజిటివ్ అయితే ఆ ప్లేటు మొత్తం చెత్తబుట్టలోకే. ఒక్క ఫలితం కూడా పంపకూడదు. నెగటివ్ కంట్రోల్ శుభ్రంగా ఉన్నా వదిలేయొద్దు. ప్లేటు పటం తీసి సీటీ విలువలు గడుల్లో రాయండి. 96 గడుల్లో ఒకచోట సీటీ 16తో గట్టి పాజిటివ్ ఉండి, దాని చుట్టూ ఉన్న గడులన్నీ 34, 35, 36తో వస్తే ఆ గట్టి శాంపిల్ నుంచే చిందిందన్నమాట. దూరంగా ఉన్న గడులు శుభ్రంగా ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ఒక చక్రం తేడా అంటే వైరస్ పరిమాణంలో సుమారు రెండు రెట్లు, 3.3 చక్రాలంటే పది రెట్లు. 16 నుంచి 35 దాకా 19 చక్రాలు, అంటే దాదాపు ఐదు లక్షల రెట్లు. కంటికి కనపడని తుంపర చాలు, పక్క గడి పాజిటివ్ అవడానికి.

అన్ని గడుల్లోనూ ఒకేలా వస్తే టెస్టుకు వాడే రసాయనం, అంటే రీజెంట్‌లోనే కలుషితం ఉండవచ్చు. కొత్త బాటిల్ తెరిచి, నీళ్లతో మాత్రమే ఒక రన్ వేసి చూడండి. పీసీఆర్ అయిపోయిన ప్లేటును మూత తీసిన గదికీ, మాస్టర్‌మిక్స్ (పీసీఆర్ రసాయనాల మిశ్రమం) కలిపే గదికీ మధ్య మనుషులూ గౌన్లూ పిపెట్లూ అటూ ఇటూ తిరిగితే ఈ బాధ ఎప్పటికీ తీరదు. శుభ్రమైన గది నుంచి మురికి గదికే దారి, వెనక్కి కాదు.

ఇంకో సంగతి. మీ సీటీ 28ని పక్క ల్యాబు సీటీ 28తో పోల్చకండి. కిట్టు, మెషీను, తీసుకున్న శాంపిల్ పరిమాణం వేరైతే ఆ అంకె అర్థం కూడా వేరు.

ప్రశ్న: ఇరవై వైరస్‌లు చూసే ప్యానెల్ మంచిదా, మూడు చూసేది చాలా? (ఒక ఆస్పత్రి నిర్వాహకుడు)

జవాబు: నిఘాకు అయితే ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ, కోవిడ్ మూడింటినీ ఎక్కువ శాంపిళ్లలో చూడటమే మేలు. పెద్ద ప్యానెల్‌ను వాటిలో కొన్నింటికి, ఒక నియమం ప్రకారం, వాడండి. పెద్ద ప్యానెల్ అందరికీ చేస్తే రైనోవైరస్ అడుగడుగునా దొరుకుతుంది. అది జలుబు లేనివాళ్ల ముక్కుల్లోనూ ఉంటుంది, తగ్గిన తర్వాత కూడా వారాల తరబడి ఉండిపోతుంది. అడినోవైరస్‌ది కూడా అదే తంతు. పైగా చాలా ప్యానెళ్లు రైనోవైరస్‌నీ ఎంటెరోవైరస్‌నీ విడదీయలేవు.

ప్రతి వైరస్‌కి దాని హారం దానికే ఉంటుంది, ఇది మరవొద్దు. ఒక వారం ఫ్లూ టెస్టులు 500, ఆర్‌ఎస్‌వీ 300, మెటాన్యుమో వైరస్ (జలుబు, దగ్గు తెచ్చే మరో వైరస్) 60 చేసి, అన్నిటినీ 500తో భాగిస్తే మెటాన్యుమో సీజన్ గ్రాఫులో నేలకు అంటుకుపోతుంది. సమశీతోష్ణ ప్రాంతాల్లో ఆ వైరస్ సాధారణంగా ఫ్లూ తర్వాత, చలికాలం చివర్లో, వసంతంలో వస్తుంది. అప్పటికి అందరూ ఫ్లూ తగ్గిందని టెస్టులు తగ్గించేస్తారు.

ప్రశ్న: నివేదికలో గత వారం అంకె ప్రతిసారీ తక్కువగా ఉండి, తర్వాత పెరుగుతుంది. ఎవరో అంకెలు మారుస్తున్నారా?

జవాబు: ఎవరూ మార్చడం లేదు. శాంపిల్ తీసిన తేదీ ప్రకారం లెక్కేస్తే, దూరం నుంచి వచ్చే ఫలితాలు తర్వాతి వారాల్లో వచ్చి చేరతాయి. చివరి వారాన్ని చుక్కల గీతతో చూపించే నివేదికలు నయం. ఫలితం వచ్చిన తేదీ ప్రకారం లెక్కేస్తే ఈ బాధ ఉండదు గానీ, మెషీను చెడి వారం ఆగిపోతే మరుసటి వారం బూటకపు శిఖరం వస్తుంది. వారం నిర్వచనం కూడా చూసుకోండి: అంతర్జాతీయ ఐఎస్‌ఓ వారం సోమవారం మొదలవుతుంది, అమెరికా వారం ఆదివారం మొదలవుతుంది. కొన్ని సంవత్సరాల్లో 53వ వారం వస్తుంది, ఐఎస్‌ఓ లెక్కలో 2020లో వచ్చింది, 2026లోనూ ఉంటుంది. ఏళ్లను ఒకదాని మీద ఒకటి వేసి పోల్చే గ్రాఫుల్లో ఆ వారమే గీతలను పక్కకు నెడుతుంది.

ప్రశ్న: 2020, 2021 అంకెలను మా సగటులో కలపాలా?

జవాబు: వద్దు. కోవిడ్ ఆంక్షల కాలంలో ఫ్లూ చాలాచోట్ల దాదాపు కనిపించకుండా పోయింది. ఆర్‌ఎస్‌వీ చలికాలంలో రాకుండా, కొన్ని దేశాల్లో వేసవిలో విరుచుకుపడింది. ఆ రెండేళ్లు కలిపితే గీత కిందికి జారి, మామూలు సీజన్ కూడా విపరీతంగా కనిపిస్తుంది.

ప్రశ్న: ఒక శాంపిల్‌లో ఫ్లూ-ఎ స్పష్టంగా పాజిటివ్, సీటీ 24. మనుషుల్లో మామూలుగా తిరిగే ఉపరకాలు (సబ్‌టైప్‌లు) హెచ్1 రాలేదు, హెచ్3 రాలేదు. "సబ్‌టైప్ తేలలేదు" అని రాసి పంపేస్తే సరిపోతుందా? (ప్రాంతీయ ల్యాబ్ ఉద్యోగి)

జవాబు: సరిపోదు. ఆ రోజే ఫోన్ చేయాల్సిన శాంపిల్ అది. సీటీ 36, 37 ఉన్నప్పుడు సబ్‌టైప్ రాకపోవడం మామూలే, వైరస్ తక్కువగా ఉండి ఆ ప్రైమర్లకు (వైరస్ జన్యువును గుర్తించే చిన్న ముక్కలకు) అందదు. సీటీ 24తో రాలేదంటే రెండు అవకాశాలు. మీ సబ్‌టైప్ రీజెంట్ పనిచేయడం లేదు, లేదా ఇది మనుషుల్లో మామూలుగా తిరగని సబ్‌టైప్. మొదటిది కనిపెట్టడం తేలిక: అదే రన్‌లో హెచ్1, హెచ్3 పాజిటివ్ కంట్రోళ్లు వచ్చాయా చూడండి. వస్తే ఆ శాంపిల్ మిగులు నుంచి మళ్లీ ఆర్‌ఎన్‌ఏ తీసి ఒకసారి తిరిగి వేయండి. ఈలోపే దేశ స్థాయి ఇన్‌ఫ్లుయెంజా కేంద్రానికి చెప్పండి, రెండో ఫలితం కోసం ఆగొద్దు. కొత్త సబ్‌టైప్ వల్ల మనిషికి వచ్చిన ఫ్లూను దేశం 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలపాలని 2005 అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు చెబుతున్నాయి. ఆ గడియారం మీ ఫోన్‌తోనే మొదలవుతుంది.

శాంపిల్‌ను రెండు మూడు చిన్న గొట్టాల్లోకి పంచి మైనస్ 70లో పెట్టండి. మామూలు ల్యాబులో కల్చర్ ప్రయత్నం చేయొద్దు. రోగి పక్షులు, పందుల దగ్గర పనిచేశాడా అన్నది డాక్టరుగారిని అడిగి ఫారం మీద రాయండి. బలహీనపరిచిన వైరస్‌తో చేసిన, ముక్కులోకి కొట్టే ఫ్లూ వ్యాక్సిన్ ఈమధ్య వేయించుకున్నారా అన్నది కూడా అడగండి. ఆ వ్యాక్సిన్ వైరస్ కొద్ది రోజులు ముక్కులో ఉండి పాజిటివ్ చూపిస్తుంది. దానికి సబ్‌టైప్ తేలుతుంది కాబట్టి ఈ కేసుకు కారణం అదయ్యే అవకాశం తక్కువ. మిగతా కేసుల్లో మాత్రం అయోమయం పెడుతుంది.

ప్రశ్న: మేం పంపిన శాంపిళ్లు చివరికి ఎక్కడికి వెళ్తాయి?

జవాబు: ప్రాంతీయ ల్యాబు నుంచి జాతీయ ఇన్‌ఫ్లుయెంజా కేంద్రానికి, అక్కడి నుంచి ఎంపిక చేసినవి ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రాలకు. 1952లో మొదలైన ఈ వలయంలో ఇప్పుడు 120కి పైగా దేశాలున్నాయి. వాటి సమాచారం ఆధారంగా ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి వ్యాక్సిన్‌లో ఏ వైరస్‌లుండాలో నిర్ణయిస్తారు. ఇన్‌ఫ్లుయెంజా-బి యమగాటా వంశం 2020 మార్చి తర్వాత ఎక్కడా నిర్ధారణ కాకపోవడంతో దాన్ని వ్యాక్సిన్‌లోంచి తీసేయమని 2023లో సూచించారు. ఎన్నో ల్యాబుల నుంచి మూడేళ్లకు పైగా "బి పాజిటివ్, యమగాటా కాదు" అన్న ఫలితాలు రాకుండా ఆ మాట అనగలిగేవాళ్లు కారు. అందుకే బి పాజిటివ్‌లకు వంశం చూసే రీజెంట్ అయిపోయిందని ఊరుకోవద్దు.

ప్రశ్న: క్లినిక్‌లో ర్యాపిడ్ టెస్టు చేశారు. నెగటివ్ వచ్చింది. అయినా డాక్టరు ఫ్లూ మందు రాశారు. టెస్టు ఎందుకు చేసినట్టు? (ఆస్తమా ఉన్న పాఠకుడు)

జవాబు: ప్రాంతీయ పాజిటివిటీ మీకు నేరుగా పనికొచ్చేది ఇక్కడే. ర్యాపిడ్ టెస్టు ఫ్లూ ఉన్న వందమందిలో 60 మందిని పట్టుకుంటుందని, లేనివాళ్లలో 98 మందికి నెగటివ్ చెబుతుందని అనుకుందాం.

సీజన్ కాని రోజుల్లో, దగ్గుతో వచ్చిన వెయ్యిమందిలో 20 మందికే ఫ్లూ ఉంది. టెస్టు వాళ్లలో 12 మందిని పట్టుకుంటుంది. మిగతా 980 మందిలో 2 శాతం, సుమారు 20 మందికి పొరపాటున పాజిటివ్ చెబుతుంది. 32 పాజిటివ్‌లలో 12 మాత్రమే నిజం. అప్పుడు పాజిటివ్‌ను నమ్మకూడదు, పీసీఆర్ చేయించాలి.

సీజన్ మధ్యలో వెయ్యిలో 300 మందికి ఫ్లూ. 180 మంది దొరుకుతారు, 120 మంది జారిపోతారు. ఫ్లూ లేని 700 మందిలో 14 మందికి పొరపాటు పాజిటివ్. 194 పాజిటివ్‌లలో 180 నిజం, నమ్మవచ్చు. కానీ నెగటివ్ వచ్చిన 806 మందిలో 120 మందికి ఫ్లూ ఉంది, అంటే దాదాపు ఏడుగురిలో ఒకరికి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఫ్లూ ముదిరే ప్రమాదం ఎక్కువ, ఫ్లూ మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తే బాగా పనిచేస్తుంది. ఆ వారం ప్రాంతీయ నివేదికలో 30 శాతం కనిపిస్తుంటే మీ డాక్టరు నెగటివ్‌ను పక్కన పెట్టి మందు రాయడం సబబే.

ప్రశ్న: ఇంట్లో చేసుకున్న కోవిడ్, ఫ్లూ టెస్టుల ఫలితాలను కూడా ప్రాంతీయ లెక్కలో కలిపితే ఇంకా మంచిది కదా?

జవాబు: కలపకపోవడమే మంచిది. పాజిటివ్ వచ్చినవాళ్లు నమోదు చేస్తారు, నెగటివ్ వచ్చినవాళ్లు టెస్టు పెట్టె పారేసి నిద్రపోతారు. హారం లేని అంకెతో శాతం తీయలేం.